లైటు కింద తొలి మొక్క: ఆటోఫ్లవర్ గురించి అడిగిన రాయగడ తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాయగడలో అద్దె గది. గదిలో మొక్కలు పెంచుకునే రెండడుగుల చదరం టెంటు, 100 వాట్ల ఎల్ఈడీ లైటు ఇప్పటికే కొనేశావు. స్నేహితుడెవరో గోవా నుంచి తెచ్చిచ్చిన ఆటోఫ్లవర్ గంజాయి గింజలు, అంటే రోజు నిడివితో పని లేకుండా వయసు రాగానే పూసే రకానివి, మూడున్నాయి. లైటు ఎన్ని గంటలు, కుండీ ఎంత, మట్టి ఏది, నీళ్ళెలా, వాసన పక్కింటికి పోకుండా ఏం చెయ్యాలి అని వరుసగా అడిగావు. చివర్లో "మూడు మొక్కలేగా, చిన్న మోతాదు కింద పోతుంది కదా, పైగా నాన్నగారి మోకాళ్ళ నొప్పులకే కదా" అన్నావు. నేను ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతా ప్రశ్నలన్నీ వేరే మొక్క మీదకి మళ్ళుతాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది పర్లాకిమిడి. 22 ఏళ్ళు గుణుపురం రోడ్డులో నర్సరీ నడిపాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా షేడ్‌నెట్‌ని ఎత్తుకుపోయాక, నారు పెంచడానికి ఓ గదిలో లైట్ల కింద మొదలుపెట్టినవాణ్ణి. అందుకని టెంటు గురించి నాకు తెలుసు, ఈ ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో గంజాయి పేరు చెబితే ఏమవుతుందో అదీ తెలుసు.

"చిన్న మోతాదు" అన్న మాట 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్)లో ఉన్నమాట నిజమే. గంజాయికి అది ఒక కిలో. కానీ ఆ లెక్క దగ్గర ఉంచుకోవడం, మోసుకెళ్ళడం, అమ్మడం, కొనడం లాంటి వాటికి. మొక్క పెంచడం వేరే నేరం. 8వ సెక్షన్ గంజాయి మొక్క పెంచడాన్నే నిషేధించింది, 20వ సెక్షన్ దానికి పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. అక్కడ కిలోలూ లేవు, మొక్కల లెక్కా లేదు. ఒకటి పెంచినా పెంచినట్టే. మరి "ఇది మన నాటు రకం కాదు, రష్యా జాతి, పొట్టిది" అంటావేమో. చట్టంలో గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా సరే. ఆటో అయినా కాకపోయినా ఒకటే పేరు.

నీ స్నేహితుడు "గింజ నేరం కాదు" అన్నాడన్నావు. అది సగం నిజం, ఆ సగమే ప్రమాదం. చట్టం గంజాయి అనేది పూత, కాత ఉన్న కొసలని. వాటితో కలవని గింజలని, ఆకులని ఆ మాటలోంచి తప్పించింది. మన ఒడిశాలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ సందులోంచే. కానీ ఆ గింజ మట్టిలో పడి మొలకెత్తిన క్షణం నుంచి అది గింజ కాదు, మొక్క. ఇంకోటి: గది నీది కాదు. తెలిసీ ఇంట్లో అలాంటి పని జరగనిస్తే ఇంటి యజమానికీ అదే శిక్ష అని 25వ సెక్షన్ చెప్తుంది. నీకు గది అద్దెకిచ్చిన పెద్దాయన ఈ వయసులో కోర్టు మెట్లెక్కడం నీకిష్టమేనా? ఆ మూడు గింజలూ పొయ్యిలో వేసెయ్యి. పెరట్లో విసరకు, వానాకాలం వస్తే మొలుస్తాయి.

ఇదే ప్రశ్న ఇంకెక్కడి వాడో అడిగితే ఇంత పొడుగ్గా చెప్పేవాణ్ణి కాదు. మనం ఉన్న చోటు వేరు. మల్కన్‌గిరి, కొరాపుట్ కొండలు, అటు పాడేరు ఏజెన్సీ కలిసి దేశమంతటికీ గంజాయి పంపే నేలగా పేరు పడ్డాయి. 2021లో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు. రోడ్ల మీదా రైళ్ళలోనూ తనిఖీలు ఈ రోజుకీ ఉన్నాయి. పట్టుబడేది ఎవరంటావా? సంచి మోసిన కుర్రాడు, కొండ మీద సాగు చేసిన పేద గిరిజనుడు. డబ్బు పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. మా నర్సరీలో ప్లాస్టిక్ ట్రేలు కొనడానికి వచ్చే ఓ కుర్రాడు ఇలాగే ఒక సంచి రైల్లో తీసుకెళ్ళి దొరికిపోయాడు. వాళ్ళమ్మ ఆ తర్వాత రెండేళ్ళు వాయిదాలకి తిరగడం నేను చూశాను. ఆవిడ ప్రతిసారీ మా షాపు దగ్గర ఆగి మంచినీళ్ళు తాగి వెళ్ళేది.

నాన్నగారి మోకాళ్ళ సంగతికి దారి వేరే ఉంది. ఆయుర్వేదంలో గంజాయికి విజయ అని పేరు. లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందుల రూపంలో, వైద్యుడు చీటీ రాస్తే దొరుకుతుంది. ముందు ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించి, ఆ తర్వాత వైద్యుణ్ణి అడుగు. ఇంటి డబ్బాలో పండించిన దాంట్లో మందు ఎంతుందో నీకూ తెలీదు, ఆయన గుండెకీ బీపీకీ తెలీదు. ఇక గింజ, నార కోసం పెంచే గంజాయి రకం, హెంప్ సంగతి. ఉత్తరాఖండ్ లాంటి చోట్ల లైసెన్సు మీద పండిస్తున్నారు, 2021లో ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజనీ, నూనెనీ, పిండినీ తిండిగా ఒప్పుకుంది కూడా. అదంతా ప్రభుత్వ అనుమతితో పొలంలో చేసేది. అద్దె గదిలో టెంటుకి ఆ లైసెన్సు రాదు.

ఒక పక్క ముచ్చట చెప్పనీ. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార వేసేవాళ్ళు కదా, దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుందనే ఆ పేరు. మా నర్సరీకి ఓసారి కొత్తగా వచ్చిన ఒకాయన గోగునార మొక్కల వరస చూసి గొంతు తగ్గించి "ఇవి ఇంత బాహాటంగా పెట్టారేటండీ?" అన్నాడు. పచ్చడి చేసుకునే గోంగూరకి అక్కచెల్లెలండీ అని ఓ ఆకు తెంపి నమిలి చూపించాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు అసలు పనికి వద్దాం. నీకు నిజంగా నచ్చింది ఏమిటో నీ రాతలోనే కనపడుతోంది: గదిలో, లైటు కింద, రోజు నిడివితో పని లేకుండా, వయసు వచ్చేసరికి దానంతటదే పూసే మొక్క. ఆ గుణం గంజాయి ఒక్కదాని సొత్తు కాదు.

మామూలు గంజాయి పొద్దు తగ్గితేనే పూస్తుంది. దాని చలిప్రాంతపు బంధువుకి 1924లో రష్యాలో ఒక వృక్షశాస్త్రవేత్త రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. అక్కడ వేసవి కురచ, పొద్దు తగ్గేదాకా ఆగితే మంచు పడిపోతుంది, అందుకే అది వయసు చూసుకుని పూస్తుంది. ఆ గుణాన్ని కలిపి చేసినవే నువ్వు చెప్పే ఆటోఫ్లవర్లు. ఈ పొద్దు లెక్కని మొదట పట్టింది అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు. మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా ఆకు మీద ఆకు వేస్తూ పోయింది గాని పూత పెట్టలేదు. రోజూ సాయంత్రం ముందే చీకట్లో పెడితే పూసింది. 1920లో ఆ సంగతి అచ్చు వేశారు. మన చామంతి అలాంటిదే, పొద్దు తగ్గితే పూస్తుంది. అందుకే పూత ఆలస్యం కావాలనుకున్న రైతు రాత్రుళ్ళు తోటలో బల్బులు వేస్తాడు. డ్రాగన్ ఫ్రూట్‌ది తిరగేసిన లెక్క, చలికాలంలో పూయించడానికి బల్బులు వేస్తారు.

మరి టమాటా, మిరప? వాటికి పొద్దుతో పెద్దగా పని లేదు. వయసు రాగానే పూస్తాయి. అంటే నువ్వు చిన్నప్పట్నుంచి పచ్చట్లో నంజుకుంటున్నవే ఆటోఫ్లవర్లు. పొట్టిది, బేగి కాసేది, డబ్బాలో ఇమిడేది కావాలంటే మైక్రో టామ్ అనే మరుగుజ్జు టమాటా ఉంది. ప్రయోగశాలల్లో పరిశోధన మొక్కగా వాడేది అదే, జానెడు ఎత్తులోనే కాస్తుంది, గింజ వేసిన మూడు నెలల లోపే పండు. ఆ గింజ దొరక్కపోతే మిరప పెట్టు. ఒడియా వాళ్ళు మిరపని లంక అంటారు కదా, సంతలో ఆకాశం వైపు నిక్కి కాసే చిన్న లంక దొరుకుతుంది. ఎండు కాయ ఒకటి కొని గింజలు తీసుకుంటే చాలు. నేనైతే ఒక మిరప, రెండు మైక్రో టమాటా పెడతాను. రెండడుగుల చదరంలో అంతకన్నా ఎక్కువ పట్టవు. నాలుగో కుండీ పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, పెట్టకు.

ఈ మార్పులో నీకో పెద్ద లాభం ఉంది, మొదటిసారి పెంచేవాడికి ఇదే అసలైనది. మొక్కని నేర్చుకోవడమంటే ఆకు తెంపి ఎవరికో చూపించడం. పురుగుమందుల షాపాయనకి, పక్కింటి అమ్మకి, ఇక్కడ మాలాంటి వాళ్ళకి. దాచిపెట్టిన మొక్కకి జబ్బు చేస్తే ఎవరికి చూపిస్తావు? వాసన దాచడం గురించి అడిగావే, మిరప పూతకి ఆ గొడవే లేదు. తలుపు తీసి పెట్టుకో, గాలి కూడా ఆడుతుంది.

లైటు. పెట్టె మీద 1000 వాట్లని రాసి ఉంటే నమ్మకు, ప్లగ్గులో పెట్టే చిన్న మీటరుతో కొలిస్తే 100 చూపిస్తుంది. నీదగ్గరున్నది నిజంగా 100 వాట్లు లాగేదైతే రెండడుగుల చదరానికి చాలు. మొక్కకి లైటు ఎంత పడుతోందో చెప్పే కొలత పిపిఎఫ్‌డి. కాసే మిరపకి 500 దగ్గర ఉంటే బాగుంటుంది. దాన్ని గంటలతో, 0.0036తో గుణిస్తే రోజు మొత్తం ఎంత తిండి తిన్నదో వస్తుంది. 500 చొప్పున 14 గంటలైతే 25. మిరపకీ టమాటాకీ 20 నుంచి 30 మధ్య అయితే సుఖం. నారుకి అందులో సగం కూడా అక్కర్లేదు, 200 చొప్పున 14 గంటలు, అంటే 10 చాలు. ఆ మీటరు వేలల్లో ఉంటుంది, కొనకు. ఫోనులో లక్సు కొలిచే యాప్ వేసుకో. తెల్ల ఎల్ఈడీకి సుమారుగా 70 లక్సు ఒక పిపిఎఫ్‌డి. ఆకుల ఎత్తులో ఫోను పెడితే నారుకి 14 వేలు, కాసే మొక్కకి 35 వేలు చూపించాలి. ఫోను లెక్క కాస్త అటూ ఇటూ ఉంటుంది, పర్వాలేదు. నడి మధ్యాహ్నం ఎండ లక్ష లక్సు, దాని ముందు ఇదెంత. మొదట లైటు రెండడుగుల ఎత్తున కట్టు, మొక్క పెరిగేకొద్దీ అడుగు దాకా దించుకో.

24 గంటలూ వేస్తే బేగి పెరుగుతుందనుకుంటారు. టమాటాకి ఆ పని చేశావంటే ఆకులు పసుపుబారి మచ్చలు పడతాయి, చీకటి దానికి తప్పనిసరి. పద్నాలుగు, మహా అయితే పదహారు గంటలు. పది రూపాయల గడియారం స్విచ్చి అంటూ ఏదీ లేదు, కాస్త మంచి టైమరే కొను, రోజూ చేత్తో వేస్తే మొదటివారం తర్వాత మర్చిపోతావు. కరెంటు లెక్క: 100 వాట్లు 14 గంటలకి రోజుకి 1.4 యూనిట్లు, నెలకి 42. 20 వాట్ల ఫ్యాను రోజంతా తిరిగితే ఇంకో 14. నీ స్లాబు రేటుతో గుణించుకో. ఆ డబ్బుకి రాయగడ సంతలో మిరపకాయలు సంచి వస్తాయి, అది ముందే ఒప్పుకుందాం. ఇది సరదాకీ నేర్చుకోవడానికీ చేసేది.

నా మొదటి దఫా సంగతి చెప్తే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. తిత్లీ తర్వాత గదిలో ట్యూబులైట్లు నాలుగడుగుల ఎత్తున కట్టి, 98 గుంటల ట్రేలు మూడు నింపి మిరప గింజ వేశాను. ఐదోరోజుకి మొలక, పదోరోజుకి చూస్తే దారంలా సాగిపోయింది, లైటు కోసం మెడ చాచి. ఆ కంగారులో నీళ్ళు తక్కువయ్యాయనుకుని పొద్దునా సాయంత్రం పోశాను. రెండో వారంలో మొదళ్ళ దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. నారుకుళ్ళు. 22 ఏళ్ళు బయట నారు పోసినవాణ్ణి, గదిలోకి వచ్చేసరికి పిల్లాడి తప్పే చేశాను. బయట గాలీ ఎండా నా తప్పుని కప్పిపుచ్చేవి, గదిలో అవి లేవు, అంతే తేడా.

అందుకే నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మొదటిసారి పెంచేవాళ్ళ మొక్కలు ఎండి చచ్చినవాటి కన్నా తడిసి చచ్చినవే ఎక్కువ. రోజూ ఇంత అని లెక్క పెట్టుకోకు. కుండీ ఎత్తి చూడు. నిండా తడిపిన రోజు బరువు చేతికి గుర్తుంచుకో. సగానికి తేలికైతే పొయ్యి, లేదంటే వదిలెయ్యి. పోసినప్పుడు కింద చిల్లుల్లోంచి కొంచెం కారేదాకా పొయ్యి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబొయ్యి. ఆకు మధ్యాహ్నం కాస్త వాలితే కంగారు పడకు, లైటు ఆరాక లేస్తే దాహం కాదు, వేడి. తడి మట్టిలో కూడా ఆకు వాలిపోతుంటే మాత్రం వేరు ఊపిరాడక ఉందని. ఆ లక్షణాన్ని దాహమనుకుని మళ్ళీ పోసేవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

మట్టి మిశ్రమానికి కోకోపీట్ రెండు వంతులు, వర్మికంపోస్టు ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, గుప్పెడు వేపపిండి. మట్టి ఒక్కటే నింపితే డబ్బాలో గట్టిపడి ఇటుకవుతుంది. కోకోపీట్ ఇటుక నీళ్ళలో నానాక రెండు మూడుసార్లు పిండి కడుగు. మన ఉద్దానం వైపు కొబ్బరి నుంచి వచ్చే పీచుపొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే లేత ఆకు కొసలు మాడతాయి. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ పెన్ను ఉంటే పిండిన నీళ్ళు, నీ కుళాయి నీళ్ళు దగ్గర దగ్గరగా చూపించేదాకా కడగడమే. గింజ చిన్న గ్లాసులో వేసి, నాలుగైదు ఆకులొచ్చాక మిరపని 12 అంగుళాల గ్రోబ్యాగ్‌లోకి, మైక్రో టమాటాని 6 అంగుళాల కుండీలోకి మార్చు. ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కాస్త మిశ్రమంలో కలిపితే నారుకుళ్ళు తగ్గుతుంది. నా మూడు ట్రేలు పోయాక నేర్చుకున్నది అదే.

నీ గదిలో బోరు నీళ్ళా? కాచిన గిన్నెకి తెల్లగా పొర కడుతోందా? అయితే కొన్ని వారాలకి కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. ఇనుము మట్టిలో ఉన్నా మొక్క తీసుకోలేకపోవడం అది, నీళ్ళ క్షారం వల్ల. వాననీళ్ళో, ఆర్వో నీళ్ళో సగం కలిపి పొయ్యి. పీహెచ్ 6.5 దగ్గరుంటే చాలు, దశాంశాల కోసం నిద్ర పాడుచేసుకోకు.

ఎరువులు మొదటి మూడు వారాలు అసలు వద్దు, వర్మికంపోస్టులో ఉన్నది చాలు. తర్వాత వారానికోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకి ఒక గ్రాము. పూత మొదలయ్యాక దాని బదులు 13:0:45 గ్రాము, వేరే రోజు కాల్షియం నైట్రేటు గ్రాము. కాల్షియాన్ని ఫాస్ఫరస్, సల్ఫేటు ఉన్నవాటితో ఒకే డబ్బాలో కలపకు, సుద్దలా అడుక్కి దిగిపోతుంది. టమాటా కాయ అడుగున నల్లగా తోలులా మచ్చ పడితే తెగులనుకుని మందు కొట్టకు, కాల్షియం కాయకి అందలేదని, ఎక్కువసార్లు కారణం నీళ్ళు ఓరోజు ఎక్కువ ఓరోజు తక్కువ పోయడమే.

వేడి మన రాయగడ వాళ్ళకి అసలు గండం. మే నెలలో గది ఎలా ఉడుకుతుందో నీకు చెప్పాలా? లైటు లాగిన కరెంటంతా చివరికి టెంటులో వేడిగానే తేలుతుంది. 35 డిగ్రీలు దాటితే మిరప పూత రాలుస్తుంది, టమాటా అంతకన్నా సుకుమారం, రాత్రి వేడికి కూడా పుప్పొడి చెడుతుంది. అందుకని వేసవిలో లైటు పగలు వెయ్యకు. రాత్రి 8కి వేసి పొద్దున 10కి ఆర్పు. మొక్కకి ఏది పగలో తెలీదు, లైటే పొద్దు దానికి. కొరాపుట్‌లో ఉండి అడిగితే ఈ పేరా రాసేవాణ్ణి కాదు, 870 మీటర్ల ఎత్తున వాళ్ళకి ఆ దిగులు తక్కువ. నీ మొదటి పంటకి అక్టోబరు చివర మొదలుపెట్టు, చలికాలం సగం పని తనే చేసిపెడుతుంది. వానాకాలంలో మాత్రం గాలిలో తేమ ఎక్కువ, టెంటు జిప్పు తీసి ఉంచి చిన్న ఫ్యాను ఆకులు మెల్లగా కదిలేలా పెట్టు. ఆకు మీద నేరుగా హోరుమని కొట్టకూడదు. వైర్లు నేల మీద వదలకు, ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకి కట్టు, నీళ్ళూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్నాయని గుర్తుండాలి.

పూత వచ్చాక కొత్తవాళ్ళు కంగారు పడే చోటొకటుంది: పూలు బోలెడు, కాయ లేదు. గదిలో గాలీ లేదు, తేనెటీగా లేదు. మిరప, టమాటా తమ పుప్పొడితోనే కాస్తాయి గాని ఎవరో ఒకరు కదిపిపెట్టాలి. పూల గుత్తి కాడని రోజూ ఒకసారి వేలితో టకటక తట్టు. మా మనవరాలైతే బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక వైపు ఆనించి జుయ్యిమనిపించేది, నిజంగానే దానికి కాయలు నాకన్నా ఎక్కువ పట్టాయి.

పురుగుల దగ్గర మన రైతుల మాట ఒకటి గుర్తుపెట్టుకో: పై ముడత తామర పురుగు, కింది ముడత నల్లి. ఆకు అంచులు పడవలా పైకి లేస్తే తామర పురుగు, గొడుగులా కిందకి వాలి కాడ సాగితే నల్లి. రెంటికీ మందు ఒకటి కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి ఆంధ్రా, తెలంగాణ మిరప తోటల్ని ఎలా ఊడ్చేసిందో గుర్తుంది కదా, అది పూలలోనే కూర్చుంటుంది. టెంటులో నీలం జిగురు అట్ట ఒకటి వేలాడదీయి, తెల్ల కాగితం మీద పువ్వు దులిపి చూడు. తామర పురుగుకి వేపనూనె 10,000 పీపీఎంది లీటరుకి 2 నుంచి 3 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు. నల్లికి నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. ఈ రెంటి మధ్యా రెండు వారాలైనా ఎడం ఇవ్వు, లేదంటే ఆకు మాడుతుంది. కొట్టేది లైటు ఆరాకే. షాపాయన ఘాటు మందు ఏదైనా చేతిలో పెడితే తీసుకోకు. నువ్వు పడుకునేది ఆ గదిలోనే, తినేది ఆ కాయే. బయట నుంచి తెచ్చిన మొక్కని పది రోజులు వేరే గదిలో ఉంచకుండా టెంటులోకి తేకు, నల్లి ఎక్కువగా అలాగే వస్తుంది.

లెక్క ప్రకారం మిరప మొలకకి వారం పది రోజులు, మార్చడానికి ఇంకో నెల, పూతకి రెండు నెలలు దాటి, తొలి పచ్చికాయకి మూడు నెలలు. మొదటి గుత్తి పూలు మొక్క చిన్నగా ఉన్నప్పుడే వస్తే గిల్లెయ్యి. మనసొప్పదు, తెలుసు.

నాలుగాకులు వచ్చాక ఫోటో పెట్టు, చూస్తాను. ఊదారంగు లైటు వెలుగులో తియ్యకు, దాంట్లో ఏ ఆకైనా నల్లగానే కనపడుతుంది. లైటు ఆర్పి, కిటికీ దగ్గర, ఆకు పైవైపొకటి, అడుగువైపొకటి. పక్కన ఓ రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది.